బాత్రూమ్ ఫిట్టింగ్స్‌కి అంత ఖర్చు పెట్టొచ్చా? కొటేషన్‌ని ఇలా చదవండి

బాత్రూమ్ పనికి కొటేషన్ చేతికి రాగానే మన కళ్లు నేరుగా ట్యాపుల ధర, కమోడ్ ధర మీదకే వెళ్తాయి. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఒక వస్తువు ధర ఎక్కువా తక్కువా అని తేల్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: రేపు ఇది పాడైతే తీసి మార్చడానికి ఎంత అవుతుంది?

ఇది నాకు ఖర్చు పెట్టాకే తెలిసింది. మా బాత్రూమ్ చేయించినప్పుడు గోడలోపల కూర్చునే షవర్ డైవర్టర్ (నీళ్లని షవర్‌కో, కింది ట్యాప్‌కో మళ్లించే వాల్వు) ఉన్నవాటిలో చవకది తీసుకున్నాం. దాని మీద మిగిలిన డబ్బుతో చూడ్డానికి బాగుండే వాష్ బేసిన్ తెచ్చుకున్నాం. మూడో ఏడాదికి డైవర్టర్ లోపలి కార్ట్రిడ్జ్, అంటే నీళ్లని తెరిచి మూసే ముక్క, పోయింది. ఆ మోడల్ ఆపేశారు, పార్ట్ ఎక్కడా దొరకలేదు. అరచేతిలో పట్టే ఆ ముక్క కోసం టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది, పగిలిన చోట వేయడానికి అదే షేడ్ టైల్స్ లేవు కాబట్టి ఆ గోడ మొత్తం మార్చాం, ఇంట్లో అందరం వారం రోజులు ఇబ్బంది పడ్డాం. ఆ డైవర్టర్‌లో మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు పోయింది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకే మాట చెప్తున్నాను. కొటేషన్‌లో ఉన్న ప్రతి వస్తువునీ ముందు రెండు గుంపులు చేయండి. గోడలోపల, నేల కింద ఉండిపోయేవి ఒకటి. డైవర్టర్ బాడీ, పైపులు, నేల ట్రాప్ (నీళ్లు పోయే చోట వాసన పైకి రాకుండా ఆపేది), గోడలో దాచే ఫ్లష్ ట్యాంక్, వాటర్‌ప్రూఫింగ్ ఇందులోకి వస్తాయి. స్పానర్ పట్టుకుని గంటలో విప్పి మార్చగలిగేవి రెండోది. బేసిన్ ట్యాప్, హ్యాండ్ షవర్, షవర్ తల, టవల్ రాడ్, కమోడ్ సీటు లాంటివి. మొదటి గుంపులో బేరం ఆడొద్దు. డబ్బు తగ్గించుకోవాలంటే రెండో గుంపులో తగ్గించుకోండి, నచ్చకపోతే రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు.

ఇక ధర సంగతి. వస్తువు ధర ఒక్కటే కాకుండా ఫిట్టింగ్ కూలీ, మధ్యలో వచ్చే రిపేరు కూడా కలిపి, అది ఎన్నేళ్లు పని చేస్తుందో ఆ ఏళ్లతో భాగించండి. ఉదాహరణకి చవక ట్యాప్ ధర 1 వంతు, కూలీ ఇంకో 1 వంతు, మూడేళ్లు వచ్చింది అనుకుందాం. ఏడాదికి 0.67 వంతు పడింది. మంచి ట్యాప్ ధర 3 వంతులు, కూలీ అదే 1 వంతు, మధ్యలో ఒకసారి కార్ట్రిడ్జ్ మార్చడానికి అర వంతు, 12 ఏళ్లు వచ్చింది. ఏడాదికి 0.38 వంతు కూడా పడలేదు. మూడు రెట్లు ధర పెట్టినదే చివరికి చవక. అదే లెక్క ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లండి: 9 వంతుల ధర ఉన్న డిజైనర్ ట్యాప్ 15 ఏళ్లు వచ్చినా, కూలీ, రిపేరు కలిపితే ఏడాదికి 0.7 వంతు. అంటే మళ్లీ చవక ట్యాప్ దగ్గరికే వచ్చాం. ఆ పైన పెట్టేది అందం కోసం. అందం కోసం పెట్టడం తప్పేమీ కాదు, కానీ ‘ఎక్కువ కాలం వస్తుందని కొన్నాను’ అనుకోవద్దు.

మంచి ట్యాప్ ఏదో షాపులో ఎలా తెలుస్తుంది అంటే, ముందు చేతిలోకి తీసుకోండి. ఇత్తడితో చేసింది అదే సైజులో ఉన్న జింక్ మిశ్రమం కంటే బరువుగా ఉంటుంది. పైన క్రోమ్ పూత ఉంటుంది కాబట్టి బయట నుంచి రెండూ ఒకేలా మెరుస్తాయి. వెనక మరలు ఉన్న చోట, పైపు బిగించే రంధ్రం లోపల చూడండి, పూత పడని చోట పసుపు రంగు కనిపిస్తే ఇత్తడి. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెప్తారు. దాంతో ఇనుము బయటపడుతుంది తప్ప, ఇత్తడికీ జింక్‌కీ రెండింటికీ అంటుకోదు కాబట్టి ఇక్కడ ఉపయోగం లేదు. స్టీల్ విషయంలోనూ అంతే, 304 గ్రేడ్‌కీ, దానికన్నా త్వరగా తుప్పు పట్టే 202 గ్రేడ్‌కీ తేడా అయస్కాంతం చెప్పలేదు. గ్రేడ్ ఏదో బిల్లు మీద రాయించుకోవడమే దారి. లోపల సిరామిక్ డిస్క్ కార్ట్రిడ్జ్ ఉందా, అది విడిగా అమ్ముతారా అని కూడా అడగండి. వారంటీ ఎన్నేళ్లు అనేదానికన్నా నేను ఈ ప్రశ్నకే ఎక్కువ విలువ ఇస్తాను. పార్ట్ దొరకనప్పుడు వారంటీ ఉన్నా టైల్స్ పగలగొట్టే ఖర్చు ఎవరూ ఇవ్వరు.

షవర్ కొనే ముందు షాపుకి కాదు, బకెట్ దగ్గరికి వెళ్లండి. 10 లీటర్ల బకెట్‌ని షవర్ పైపు నుంచే నింపి ఎంతసేపు పట్టిందో చూడండి. ఒక నిమిషం పడితే నిమిషానికి 10 లీటర్లు, రెండు నిమిషాలు పడితే 5 లీటర్లు. నీళ్లు పైన ట్యాంకు నుంచి వాటంతట అవే దిగే ఇంట్లో ప్రెజర్ ఎత్తుని బట్టి ఉంటుంది, 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ (ప్రెజర్‌ని కొలిచే యూనిట్). ట్యాంకు షవర్ కంటే 3 మీటర్లే పైన ఉంటే వచ్చేది 0.3 బార్, పైపుల్లో మలుపులు ఉంటే అదీ తగ్గుతుంది. పెద్ద రెయిన్ షవర్లు, నీళ్ల వేడిని ఒకేలా ఉంచే థర్మోస్టాట్ మిక్సర్లు చాలావాటికి ఇది చాలదు. కనీస ప్రెజర్ ఎంత కావాలో డబ్బా మీదో, కాగితంలోనో రాసి ఉంటుంది. అది మీ ఇంట్లో లేకపోతే ఆ షవర్ ఎంత మంచిదైనా మీకు పనికిరాదు. పంపు పెట్టించే ఉద్దేశం ఉంటే ఆ పంపు ధర కూడా షవర్ ధరలోనే కలిపి చూడండి.

కమోడ్ దగ్గర అందరూ ఆకారం చూస్తారు, కొలత మర్చిపోతారు. నేల మీద కూర్చునే కమోడ్ అయితే టైల్స్ వేశాక గోడ నుంచి మలం పైపు మధ్యభాగం వరకు ఎంత దూరమో కొలిచి తీసుకెళ్లండి. ఆ కొలతకి సరిపోని మోడల్ తెస్తే నేల పగలగొట్టి పైపు జరపాలి, లేదా కమోడ్ వెనక ఖాళీ వదిలేయాలి. గోడకి వేలాడే రకం బాగుంటుంది, కింద తుడవడం సుఖం, అది నిజమే. అయితే అక్కడ మోసేది కమోడ్ కాదు, గోడలో దాగిన ఫ్రేమ్. యూరప్ ప్రమాణం ప్రకారం వేలాడే కమోడ్‌ని 400 కిలోల బరువు పెట్టి పరీక్షిస్తారు, కానీ సన్నటి గోడకి ఫ్రేమ్ సరిగ్గా బిగించకపోతే ఆ పరీక్ష మిమ్మల్ని కాపాడదు. దాని ఫ్లష్ ట్యాంక్ లోపలి పార్టులు బటన్ ప్లేట్ తీసిన కన్నంలోంచి మార్చగలరా అని అడిగి, షాపులో తీసి చూపించమనండి. ఫ్లష్ విషయానికి వస్తే పాత ట్యాంకులు ఒక్కసారికి 13 లీటర్ల దాకా వదిలేవి, ఇప్పటి రెండు బటన్ల రకం పెద్దదానికి 6, చిన్నదానికి 3 లీటర్లు. నీళ్లు కొనుక్కునే ఇంట్లో, నలుగురైదుగురు ఉన్న ఇంట్లో ఈ తేడా ఒక్కటే పాత కమోడ్ మార్చడానికి సరిపడా కారణం.

కూలీ దగ్గర నేను అడిగేది ఒక్కటే, మొత్తం ఒక అంకెగా ఇవ్వొద్దు, విడదీసి ఇవ్వండి అని. పాతవి తీయడం, చెత్త బయటికి మోయడం, పైపుల పని, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, ఫిట్టింగ్, చివర్లో సందులు మూసే సీలింగ్. ఇలా విడదీస్తే తక్కువ కొటేషన్ ఎందుకు తక్కువో మీకే కనిపిస్తుంది. చాలాసార్లు వాటర్‌ప్రూఫింగ్ అనే లైనే ఉండదు, లేకపోతే చెత్త మోత, యాంగిల్ వాల్వులు (గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వులు), కనెక్షన్ పైపులు లెక్కలో ఉండవు, పని మధ్యలో ఒక్కొక్కటిగా వచ్చి పడతాయి. అప్పుడు వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

మంచి పనివాడికి కొంచెం ఎక్కువ ఇవ్వడం ఎప్పుడు న్యాయం అంటే, అతను ఈ మూడు పనులు చేస్తానని ముందే ఒప్పుకున్నప్పుడు. గోడ మూయకముందు పైపుల్లో మామూలు కంటే ఎక్కువ ప్రెజర్ పెట్టి ఆపి ఉంచి, ప్రెజర్ మీటరు ముల్లు కిందికి దిగుతుందో లేదో చూపించాలి. వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, టైల్స్ వేయకముందు, డ్రెయిన్ మూసి నేల మీద నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచాలి, కింది అంతస్తు పైకప్పులో, పక్క గోడలో చెమ్మ రాకూడదు. నేల వాలు మీటరుకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు డ్రెయిన్ వైపు ఉండాలి. ఈ మూడూ టైల్స్ అంటించేశాక ఎవరూ సరిచేయలేరు. ‘అవసరం లేదండీ, మేం ఎన్నో చేశాం’ అన్నవాడికి తక్కువకి వస్తున్నాడని పని ఇవ్వొద్దు, నిజంగా చెప్తున్నాను.

అసలు డబ్బే పెట్టాల్సిన పని లేని సందర్భాలు కూడా ఉన్నాయి. అద్దె ఇంట్లో గోడలోపలి పని చేయించుకోకండి. ఉప్పు నీళ్లు వచ్చే చోట నల్ల మ్యాట్ ఫినిష్ మీద తెల్ల గార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, యాసిడ్‌తో కడిగితే పూత పోతుంది, అలాంటి చోట మామూలు క్రోమే నయం. ట్యాప్ కారుతోందంటే ట్యాప్ పోయిందని కాదు, ముందు వాషరో కార్ట్రిడ్జో మార్చి చూడండి. కానీ వాయిదా మాత్రం వేయొద్దు, క్షణానికి ఒక చుక్క పడినా రోజుకి 20 లీటర్ల దాకా పోతాయి. కమోడ్ ట్యాంక్ లీకవుతోందేమోనని అనుమానం ఉంటే ట్యాంకులో కొంచెం రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగి చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే చాలాసార్లు మార్చాల్సింది లోపలి రబ్బరు వాషరే.

పని మొదలైతే చివరి పదో వంతు డబ్బు ఆపి ఉంచుకోండి, రెండు వారాలు వాడి చూశాక ఇస్తామని మొదటి రోజే చెప్పండి. గోడలు మూసే ముందు పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, రేపు అద్దం బిగించడానికి డ్రిల్లింగ్ చేసేటప్పుడు అవే కావాలి. డైవర్టర్, ఫ్లష్ ట్యాంక్ డబ్బాల మీద ఉన్న మోడల్ నంబర్లు కూడా అప్పుడే ఫోటో తీసి బిల్లుతో కలిపి ఒకే చోట ఉంచండి, వీలైతే డైవర్టర్‌కి ఒక కార్ట్రిడ్జ్, నాలుగైదు టైల్స్ అదనంగా కొని అటక మీద పెట్టేయండి.