యాడ్ లైబ్రరీ సీఎస్‌వీలో తెలుగు పేర్లు పాడవడం – నా అనుభవం

విజయవాడలో కూర్చుని రాజకీయ ప్రకటనల ఖర్చు మీద స్టోరీలు చేస్తుంటా. మెటా యాడ్ లైబ్రరీ రిపోర్ట్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో రాజకీయ ప్రకటనలకు ఏ పేజీ ఎంత ఖర్చు పెట్టిందో చూపే సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) డౌన్‌లోడ్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేజీ పేర్లన్నీ పిచ్చి గీతలు, పేజీ ఐడీలు, అంటే ఒక్కో పేజీకి ఉండే పొడవాటి నంబర్లేమో 1.02E+14 అని. ఫాంట్ మార్చా, మళ్లీ డౌన్‌లోడ్ చేశా, వేరే ల్యాప్‌టాప్‌లో చూశా, ఏదీ కుదర్లేదు.

చివరికి పనిచేసింది ఇది. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేయొద్దు. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి ఫైల్ ఎంచుకుంటే ఫైల్ ఆరిజిన్ అడుగుతుంది, అక్కడ 65001 యూనికోడ్ పెట్టగానే ప్రివ్యూలోనే తెలుగు శుభ్రంగా కనపడింది, ప్రాణం లేచొచ్చింది. వెంటనే లోడ్ కొట్టకండి. ట్రాన్స్‌ఫార్మ్ డేటాలోకి వెళ్లి కుడిపక్క స్టెప్పుల్లో చేంజ్‌డ్ టైప్ తీసేయండి, ఎందుకంటే అది మొదటి 200 వరుసలు చూసి రకం ఊహిస్తుంది, పైనేమో పెద్ద ఖర్చులు కాబట్టి నంబర్ అనుకుంటుంది, కింద ≤100 (వంద లేదా అంతకన్నా తక్కువ) అని ఉన్న చిన్నవన్నీ ఎర్రర్ అయిపోతాయి. పేజీ ఐడీ టెక్స్ట్‌గానే ఉంచి, ఖర్చు కాలమ్‌లో ≤100 ని 100 చేసి, అప్పుడు నంబర్‌గా మార్చా. అంటే మొత్తం కాస్త ఎక్కువే వస్తుంది, స్టోరీలో ఆ మాట రాయాల్సిందే.

కూడేటప్పుడు పేరుతో కాదు, ఐడీతో కూడండి, డిస్‌క్లెయిమర్ (ప్రకటనకు డబ్బు ఎవరు కట్టారో చెప్పే లైన్) మారితే అదే పేజీ ఇంకో వరుసలో వస్తుంది.

నాది విండోస్‌లో ఎక్సెల్ 2019. పాత వెర్షన్లలో మెనూ వేరు, గూగుల్ ప్రకటనల ఫైల్‌లో కాలమ్‌లూ వేరు, అక్కడ ఇదే కుదురుతుందని చెప్పలేను.