గుంత పొంగనాలతో రోడ్డు గుంతల మీద వెటకారం
వీధిలో బల్ల వేసి, జనానికి పొంగనాలు పెడుతూ రోడ్డు గుంతల్ని ఎగతాళి చేసే నిరసన ఇది. ముందు వీధిలోని ప్రతి గుంతలో స్కేలు నిలబెట్టి లోతు రాసుకోండి. అంకె తప్పితే ఎగతాళి మన మీదికే తిరుగుతుంది.

3 అడుగుల అట్టపై వీధి మ్యాపు గీసి, గుంత ఉన్నచోటల్లా దాని లోతు రాయండి. స్కెచ్ పెన్ను సిరా ఆవిరికి చెదురుతుంది, పర్మనెంట్ మార్కరే వాడాలి. అంకెపై అరిటాకు ముక్క, దానిమీద వేడి పొంగనం. తిని ఆకు తీస్తే గుంత లోతు బయటపడుతుంది. జోకు ఇదే, మైకులో వివరించకండి.

కిలో దోసెపిండికి 2 ఉల్లిపాయలు, 4 పచ్చిమిర్చి. సుమారు 50 వస్తాయి. పిండి జారుగా ఉంటే పెనానికి అంటుకుంటుంది. పెనం గుంతల్ని ముప్పావు వంతే నింపి, మూతపెట్టి సన్నమంటపై కాల్చి తిప్పండి. మంట పెంచితే లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చి పొంగనానికి ఏ జనమూ ఆగరు.

చట్నీ విడిగా కప్పుల్లో ఇవ్వండి, లేకుంటే అట్ట నానుతుంది. బల్ల రోడ్డుకు అడ్డంగా వేయొద్దు.