లోడయ్యేటప్పుడు ఒకలా, లోడయ్యాక ఒకలా

అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్‌కి జావాస్క్రిప్ట్‌తో వెబ్ పేజీ చేస్తున్నారనుకోండి, ఇడ్లీ ధర మారుతుంటుంది. పేజీ లోడవుతుండగా డాక్యుమెంట్.రైట్ (పేజీలో రాత వేసే కమాండ్) వాడితే రాత అక్కడికక్కడే పడుతుంది. అంతా లోడయ్యాక, బటన్ నొక్కినప్పుడు అదే కమాండ్ వాడితే ఉన్న పేజీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. దాని జోలికి పోకపోవడమే మేలు.

దానికి బదులు, ముందు 'ధర' అనే ఐడీతో (గుర్తు పేరుతో) ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె లాంటిది) పెట్టండి. గెట్‌ఎలిమెంట్‌బైఐడీతో దాన్ని పట్టుకుని, టెక్స్ట్‌కంటెంట్‌లో (అంటే దాని లోపలి రాతలో) '40 రూపాయలు' అని వేయండి. బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్‌లో 'నల్' (ఏమీ దొరకలేదు) అంటూ ఎర్రర్ వచ్చిందా? ఐడీలో స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటే, స్క్రిప్ట్ (మీ కోడ్) పేజీ మొదట్లోని హెడ్‌లో ఉండి డివ్ పుట్టకముందే నడిచేసిందన్నమాట. స్క్రిప్ట్ ట్యాగ్‌కి డిఫర్ తగిలించండి, పేజీ అంతా చదివాకే కోడ్ నడుస్తుంది. డిఫర్ బయటి ఫైలులో ఉన్న కోడ్‌కే పనిచేస్తుంది. పేజీలోనే రాసిన కోడ్‌ని బాడీ చివరికి జరపాలి.

కస్టమర్లు టైప్ చేసింది చూపించేటప్పుడు మాత్రం ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (రాతను హెచ్‌టీఎంఎల్ కోడ్‌గా వేసేది) వద్దు, అందులో ఎవరైనా కోడ్ దూర్చేయగలరు.