ఆయిల్ మూత కింద మీగడ కనిపిస్తే ముందు డిప్‌స్టిక్ చూడండి

ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున లేత పసుపు రంగులో మీగడలాంటిది అంటుకుని ఉంటుంది కొన్ని బండ్లలో. ఆయిల్‌లో నీళ్లు కలిసి చిలికితే అయ్యేది అదే. ఆ నీళ్లు ఇంజిన్‌లో పుట్టిన ఆవిరివైతే పెద్ద ఖర్చు లేదు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అయితే హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, విప్పాల్సి రావచ్చు. "హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద లీకు కాకుండా వేసే పట్టీ) పోయింది సార్" అన్న మాట వినేలోపే ఈ రెండింటినీ ఇంటి ముందే చాలావరకు తేల్చుకోవచ్చు.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదునైన చోట ఉంచి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, లాగండి. తెల్ల గుడ్డ మీద తుడవండి. కింది భాగంలో ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో ఉండి, మీగడ మూతకే ఉంటే అది దాదాపుగా ఆవిరే. పుల్ల పైభాగాన, గొట్టానికి తగిలే చోట కాస్త అంటినా కంగారు పడక్కర్లేదు. ఆయిల్ మొత్తం పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగినా, మట్టం పైగీత దాటినా ఇక స్టార్ట్ చేయవద్దు. ఆయిల్ వాడకంలో తగ్గుతుంది కానీ తనంతట తాను పెరగదు. ఒక మినహాయింపు: బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి కాల్చుకునేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరగవచ్చు. అప్పుడు ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన వేస్తుంది, తెల్లబడదు.

అనుమానం మిగిలితే పాత స్టీలు చెంచా బాగా వేడి చేసి, మంట మీంచి పక్కకు తీసి, డిప్‌స్టిక్ నుంచి ఒక్క చుక్క దాని మీద వేయండి. నీళ్లుంటే చిటపటలాడుతుంది, లేకపోతే ఊరికే పొగ వస్తుంది. ముఖం దూరంగా పెట్టుకోండి, కళ్లద్దాలుంటే మంచిది. కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, వారం పాటు రోజూ పొద్దున్నే చూడండి. నేల మీద ఎక్కడా కారకుండా మట్టం దిగుతుంటే అది లోపలికే పోతోంది.

ఆవిరి సంగతి. లీటరు పెట్రోలు కాలితే రమారమి లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది, కొంచెం పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్ ఛాంబర్‌లోకి జారుతుంది. సీఎన్‌జీలో ఈ ఆవిరి ఇంకా ఎక్కువ. ఆయిల్ బాగా వేడెక్కితే తేమ పీసీవీ వాల్వ్ (ఆయిల్ ఛాంబర్‌లోని ఆవిర్లను బయటికి లాగే వాల్వ్) గుండా బయటికి పోతుంది. తిరుపతిలో లీలామహల్ సెంటర్ నుంచి బస్టాండుకు, అక్కడినుంచి ఇంటికి తిరిగే బండికి ఆ అవకాశం రాదు. మీటర్‌లో ముల్లు మధ్యకు వచ్చేది కూలెంట్ వేడిని బట్టి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలా సమయం కావాలి. డిసెంబరులో రాత్రంతా తిరుమలలో మంచులో ఉన్న బండి పరిస్థితి మరీ అన్యాయం. చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి, ఘాట్ అంతా యాక్సిలరేటర్ ముట్టకుండా గేరు మీదే దిగుతుంది. అలిపిరి చేరేసరికి కూడా ఇంజిన్ సరిగా కాగదు.

మందు తేలిక. మూత తుడిచి, వారానికొకసారి శ్రీకాళహస్తి దాకా ఆగకుండా ఓ ముప్పావుగంట నడపండి. రెండు మూడు వారాల్లో మీగడ రాకపోతే సరి. తగ్గకపోతే రెండు చోట్ల వెతకాలి. ఒకటి, పీసీవీ వాల్వ్. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద కాగితం పెట్టండి. మెల్లగా లోపలికి లాగాలి. గట్టిగా బయటికి ఊదితే వాల్వ్ మూసుకుపోయిందనో, రింగులు అరిగాయనో లెక్క.

రెండోది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్. మన దగ్గర అసలు దొంగ ఇదే. ఘాట్‌లో వేడెక్కుతోందని చెబితే కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ తీసి పారేస్తారు. వేడి తగ్గుతుంది నిజమే, కానీ ఊళ్లో ఇంజిన్ ఎప్పటికీ కాగదు, మూత కింద మీగడ పేరుకుంటూనే ఉంటుంది. పరీక్ష ఇలా: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా ఉంచి, రేడియేటర్ పై గొట్టం పట్టుకుని చూస్తుండండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ పనిచేస్తోంది. మొదటి నుంచీ కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే అది తెరుచుకునే ఉండిపోయింది, లేదా అసలు లేదు. కొత్తది వేయించండి. వేడెక్కడానికి కారణం రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపుల్లో వెతకాలి.

కూలెంటే అని తేలితే బండిని టో చేయించండి, నడపకండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు. గ్యాస్కెట్‌తో పోయే ఖర్చు క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) దాకా పాకుతుంది. హెడ్ విప్పకముందే రెండు పరీక్షలు అడగండి. చల్లటి ఇంజిన్‌లో రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా, సాధారణంగా 1 బార్ దగ్గర, పంపు కొట్టి పావుగంట ఉంచాలి. ముల్లు దిగితే లీకుంది. తర్వాత నీలం ద్రవంతో చేసే పరీక్ష: కూలెంట్‌లో మండిన గ్యాసు ఉంటే ద్రవం పసుపుకు తిరుగుతుంది. ఈ గ్యాసు పరీక్షలో ఏమీ తేలకుండా కూలెంట్ డబ్బాలో కూడా ఆయిల్ తేలుతుంటే, ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే భాగం) ఉన్న ఇంజిన్లలో ముందు దాన్నే అనుమానించాలి. అది మార్చడం హెడ్ విప్పడం కంటే చాలా చౌక.

హెడ్ విప్పితే లేత్‌కు పంపి వంపు కొలిపించండి. చాలా ఇంజిన్లకు హద్దు 0.05 మిల్లీమీటర్ దగ్గర ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. పగుళ్లకు ప్రెషర్ పరీక్ష కూడా చేయించాలి. హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదని మాన్యువల్ చెబితే కొత్తవే కొనండి. లీకు ఆపే పొడులు, ద్రవాలు పోయించకండి. అవి హీటర్ గొట్టాలనూ రేడియేటర్‌నూ మూసేస్తాయి.

వరద నీళ్లలో మునిగిన బండి వేరే లెక్క. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులే మునిగాయి. అలాంటప్పుడు తాళం తిప్పకుండా బ్యాటరీ వైరు పీకి, ఛాంబర్ నట్టు మెల్లగా వదులు చేయించండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి ముందు అవే కారతాయి.

రిపేరు అయ్యాక మామూలు ఆయిల్ పోసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి దింపండి. తెల్లదనం పోయేదాకా ఇంకోసారి చేయండి. చివరగా కొత్త ఫిల్టర్, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్. రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయవద్దు. వాటిలోని సున్నం లోపల పెచ్చు కట్టి, మళ్లీ వేడెక్కిస్తుంది. రెడీ కలిపిన కూలెంట్, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపినది పోయించండి. 500 కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్, కూలెంట్ డబ్బా మీది గీత మళ్లీ చూడండి.