వాంపైర్ పీతలను పెంచడం ఎలా? కుబుసం విడిచేటప్పుడు ఏం చేయాలి?

ఊదారంగు డెక్కల జియోసెసార్మా డెనెర్లె, నారింజ డెక్కల జియోసెసార్మా హాగెన్ జావా ద్వీపానికి చెందిన పీతలు. 2015లో శాస్త్రవేత్తలు వీటికి పేర్లు పెట్టేనాటికే ఇవి వాంపైర్ పీతలుగా అమ్ముడవుతున్నాయి.

బిగుతైన మూత ఉన్న గాజు తొట్టె తీసుకుని, మూడింట రెండు వంతులు తడి నేల, మిగతా వంతు లోతు తక్కువ మంచినీరు ఉండేలా అమర్చండి. నీటిలో క్లోరిన్ ఉండకూడదు. నేలకు కొబ్బరి పొట్టు వాడవచ్చు. ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మొప్పలతో ఊపిరి పీల్చే జీవులు కాబట్టి రోజూ నీళ్లు చిలకరించండి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి చాలు.

ఇక అసలు కష్టం కుబుసం విడిచే రోజుల్లోనే ఉంటుంది. పీత తిండి మానేసి, బొరియలోనో బెరడు కిందో దాక్కుని రోజుల తరబడి కనిపించకపోతే, చచ్చిపోయిందేమోనన్న కంగారుతో పొట్టు తవ్వి చూసేవారు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాత డిప్పలోంచి అప్పుడే బయటపడిన ఒళ్లు మెత్తగా ఉంటుంది, వేలు తగిలినా కాళ్లు ఊడవచ్చు.

మెత్తబడిన పీతను తోటి పీతలు తినేస్తాయని వేరే డబ్బాలోకి మార్చమనే సలహా తరచుగా వినిపిస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను, ఎందుకంటే కదిలించడమే దానికి పెద్ద దెబ్బ. అంతకన్నా ముందు నుంచే పీతల సంఖ్యకు మించి చాటులు ఏర్పాటు చేసి, ఎండుటాకులు దట్టంగా పరచి, మిగతావాటి కడుపు నింపి ఉంచడం మేలు. కాల్షియం కోసం ఒక కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గుల్ల) ముక్క ఎప్పుడూ తొట్టెలో ఉండాలి.

కదలకుండా పడి ఉన్న ఆకారం కనిపిస్తే వెంటనే తీసి పారేయకండి. లోపల బోలుగా, వెనకవైపు చీలి ఉంటే అది విడిచిన డిప్ప, దుర్వాసన వస్తే అది చచ్చిన పీత. డిప్పను అక్కడే వదిలేస్తే పీత దాన్ని తిని, పోయిన కాల్షియాన్ని తిరిగి పొందుతుంది. ఊడిన కాలు కూడా కుబుసం విడిచినప్పుడు మొదట చిన్నదిగా మొలుస్తుంది, కాబట్టి మందులు వేయకండి, ముఖ్యంగా రాగి కలిసిన మందు పీతలను చంపుతుంది.

కొత్త డిప్ప గట్టిపడి, పీత తనంతట తాను బయటికి వచ్చాకే దానికి తిండి పెట్టండి.