కొకేషి కొనేముందు తల తిప్పి చూడండి

కొకేషి అంటే జపాన్ చెక్కబొమ్మ. నా మొదటి కొకేషిని పాడుచేసింది నేనే. జపాన్‌లోని సెందాయ్‌లో కాపురం పెట్టిన కొత్తలో ముచ్చటపడి కొన్నాను. అందరికీ కనపడాలని కిటికీ గట్టు మీద పెట్టాను. ఎండాకాలం దాటేసరికి ఒంటి మీది ఊదా గీతలు మాయమయ్యాయి, ఎరుపు వెలిసి ఇటుక పొడిలా అయింది. అందుకే ఎవరైనా ఈ బొమ్మలు సేకరిస్తామంటే, కొనడానికి ముందు పెట్టే చోటు చూసుకోమంటాను. ఎండ పడని అర కావాలి. హీటర్ గాలి నేరుగా తగలకూడదు, చెక్క బీట వేస్తుంది. దుమ్ముని మెత్తటి పొడిబట్టతోనే తుడవాలి. తడి తగిలితే రంగు పాకుతుంది, పాత బొమ్మల్లో మరీను.

ఇక కొనే సంగతి. చేతులూ కాళ్ళూ లేని ఈ బొమ్మలు జపాన్ ఈశాన్యాన ఉన్న తోహోకు ప్రాంతానివి. ఎదో యుగం (1603-1868) చివర్లో, అక్కడి వేడినీటి బుగ్గల ఊళ్ళలో గిన్నెలూ పళ్ళేలూ తరిణి (లేత్) పట్టే పనివాళ్ళు వీటిని పిల్లల ఆటవస్తువులుగా చేసి, స్నానాలకొచ్చినవాళ్ళకి అమ్మేవాళ్ళు. ఊరికో తీరు స్థిరపడింది. మామూలుగా 11 శైలులు లెక్కేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊపందుకున్న 'సోసాకు' కొకేషిలు వేరు. అవి కళాకారుడి సొంత ఊహ, ఏ ఊరి కట్టుబాటూ ఉండదు. అవీ అందంగానే ఉంటాయి కానీ పాతవాటితో కలిపి అమ్మేస్తుంటారు. సంప్రదాయ బొమ్మ కావాలంటే 'దెంతో కొకేషి' అని అడగండి.

మొహం చూసి మురిసిపోయి కొనేస్తే ఇల్లు నిండుతుంది, బుర్రకి ఏమీ ఎక్కదు. నేను మొదటి డజను అలాగే కొన్నాను. ఇప్పుడు ముందు చూసేది తల. మెల్లగా తిప్పండి. కీచుమంటే బహుశా నరుకో ఊరి బొమ్మ. అక్కడ తరిణి తిరుగుతుండగానే తలని ఒంట్లోకి నొక్కి బిగిస్తారు, ఆ బిగువుకే ఆ చప్పుడు. ఒంటి మీద చామంతులుంటాయి. తల వదులుగా ఊగులాడితే నాంబు శైలి. రంగే వెయ్యని నాంబు బొమ్మలు కూడా ఉన్నాయి. అసలు తిరగకపోతే కిజియామా కావచ్చు, త్సుగరు కావచ్చు. ఆ రెండు చోట్లా తలా ఒళ్ళూ ఒకే దుంగలోంచి తీస్తారు. త్సుగరు బొమ్మ పొట్ట మీద ఒక్కోసారి గుడ్లురిమే దారుమా (బోధిధర్ముడి) మొహం ఉంటుంది. తర్వాత నడినెత్తి చూడండి. నల్లటి గుండ్రని వలయాలుంటే త్సుచియు, ఎర్రటి రేకులు చుట్టూ విచ్చుకుని ఉంటే తోగత్త. యజిరోది రంగుల టోపీ పెట్టినట్టుంటుంది. మొదట వీటిలో ఒక్క శైలి పట్టుకుని ఐదారు కొనండి. ఒకే చామంతిని ఇద్దరు ఎంత వేరుగా వేస్తారో అప్పుడే కంటికి ఆనుతుంది.

చివరికి బొమ్మని తిరగేసి అడుగు చూడండి. చేసినవాళ్ళ సంతకం అక్కడుంటుంది, కొందరు తమ వయసు కూడా రాస్తారు. వేలం సైట్లలో కొనేటప్పుడు అడుగు భాగం ఫొటో పంపమని అడగండి. పంపకపోతే వదిలెయ్యండి. సంతకం లేనిదల్లా నకిలీ కాదు గానీ, 'చాలా పాతది' అన్న మాట నమ్మి నేను ఒకదానికి 18,000 యెన్‌లు పోశాను. అంత పాతదేం కాదని తర్వాత తేలింది. కొలతలు 'సున్' లెక్కన చెప్తారు. ఒక సున్ సుమారు 3 సెంటీమీటర్లు, కాబట్టి 8 సున్ అంటే జానెడు పైమాటే.

'కొకేషి' అన్న మాటకి 'పిల్లని చెరిపేయడం' అని అర్థం చెప్పి, చనిపోయిన పసిపిల్లల గుర్తుగా చేసేవాళ్ళని ఎవరైనా కథ మొదలుపెడితే పట్టించుకోకండి. దానికి ఆధారం లేదు.

వీలైతే చేసేచోటికే వెళ్ళండి. షింకాన్సెన్ (బుల్లెట్ రైలు)లో వెళ్ళి ఫురుకవా దిగి, రికూ ఈస్ట్ లైన్ రైలు ఎక్కితే నరుకో ఓన్‌సెన్ (వేడినీటి బుగ్గల ఊరు) వస్తుంది. సెప్టెంబరులో అక్కడ కొకేషి పండుగ, మే నెలలో షిరోయిషిలో పోటీ ప్రదర్శన జరుగుతాయి. మామూలు రోజుల్లో వెళ్తే బొమ్మలు చేసేవాళ్ళకి ముందు ఫోన్ చెయ్యండి. నేను చెయ్యకుండా వెళ్ళి, మూసిన తలుపు చూసి, వేడినీళ్ళలో స్నానం చేసి వచ్చేశాను.