గాజు ఊదిన పూర్వీకుడి కోసం – 3వ పాఠం: పిల్లలు పుట్టిన ఊళ్ళు

పోయిన పాఠంలో ఇంటి బైబిలు ముందు పేజీలో రాసి ఉన్న పుట్టుకల దగ్గర ఆగాం. ఆ బైబిలు ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడమన్నాను. అచ్చు 1860 నాటిదై, మొదటి పుట్టుక 1838 అని ఉంటే, ఆ తొలి వరసలు ఎవరో తర్వాత గుర్తుచేసుకుని రాసినవి. సిరా, చేతిరాత ఒకేలా ఉన్నాయా చూడండి. సాక్ష్యం దొరికేదాకా ఆ తేదీలను పెన్సిలుతోనే ఎక్కించుకోండి.

కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట. మనం వెతుకుతున్నది మా అల్లుడి వంశంలో ఒకాయన్ని. మా మనవరాలికి మా వైపు తాతముత్తాతల పేర్లు గడగడా చెప్పగలిగాను. వాళ్ళ నాన్న వైపు అడిగితే ఇంట్లో ఎవరికీ తెలిసింది ఒక్కటే: "ఫ్రాన్సు నుంచి వచ్చాడు, గాజు ఊదేవాడు." ఆ పిల్లకు రెండు వైపులా పెద్దలు ఉండాలి కదా అని ఈ పని పట్టుకున్నాను.

బర్మింగ్‌హామ్ పక్కనే స్మెథిక్‌లో ఛాన్స్ బ్రదర్స్ గాజు ఫ్యాక్టరీ ఉండేది. 1832లో అక్కడ కిటికీల గాజును కొత్త పద్ధతిలో చేయడం మొదలుపెట్టారు. కరిగిన గాజును గొట్టంతో పొడవాటి పీపాలా ఊది, రెండు కొసలూ తీసేసి, నిలువునా చీల్చి, బట్టీలో వేడిచేసి పలకగా పరిచేవారు. ఆ విద్య ఇంగ్లండులో తెలిసినవాళ్ళు లేక ఫ్రాన్సు, బెల్జియంల నుంచి పనివాళ్ళను పిలిపించారు. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు సుమారు 3 లక్షల పలకలు వెళ్ళింది ఇక్కణ్ణుంచే. మనవాడు ఆ ఊదేవాళ్ళలో ఒకడు.

ఇప్పుడు ఇంగ్లండు 1841 జనాభా లెక్కలు తెరవండి. ఇందులో రెండు మెలికలున్నాయి. 15 ఏళ్ళు దాటినవాళ్ళ వయసును అయిదుతో భాగించబడే కింది అంకెకు దించి రాయమని గుమాస్తాలకు చెప్పారు, కాబట్టి 38 ఏళ్ళవాడు 35గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు ఉండదు. విదేశంలో పుట్టినవాళ్ళకు "ఎఫ్" అనే ఒక్క అక్షరం ఉంటుంది. చిన్నదే గాని, నాకు తొలి దారి చూపింది అదే. స్మెథిక్ పేజీల్లో వృత్తి గడిలో గాజు పని, పక్క గడిలో "ఎఫ్" ఉన్న ఇళ్ళన్నీ రాసుకోండి. ఇంటిపేరు పట్టుకుని వెతకొద్దు. నేను అలా వెతికి ఒక చలికాలమంతా పోగొట్టుకున్నాను. ఫ్రెంచి పేరును ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాశాడు. దుబువా అనే పేరు ఎన్ని వేషాలు వేయగలదో ఊహించండి. ముందుపేరు, వయసు, పని, ఈ మూడూ కలిసినవాణ్ణి పట్టుకోండి.

తర్వాత 1851 లెక్కలు. ఈ పాఠంలో అసలు మాట ఇక్కడుంది. ఇందులో ఒక్కొక్కరూ పుట్టిన చోటు రాశారు. తండ్రికి ఉత్తి "ఫ్రాన్సు" అని రాసి వదిలేస్తే నిరాశ పడకండి, కింద వరసల్లో పిల్లల్ని చూడండి. మాకు దొరికిన ఇంట్లో పెద్దవాడు ఫ్రాన్సులో, రెండో పిల్ల స్మెథిక్‌లో, మూడోవాడు సండర్లాండ్‌లో, చంటిది మళ్ళీ స్మెథిక్‌లో. సండర్లాండ్ ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంది, అక్కడికెందుకు వెళ్ళారు? ఛాన్స్‌ వాళ్ళతో భాగస్వామిగా ఉన్న జేమ్స్ హార్ట్‌లీ 1836లో విడిపోయి సండర్లాండ్‌లో సొంత గాజు ఫ్యాక్టరీ పెట్టాడు. పని తెలిసినవాడు కొలిమి ఎక్కడుంటే అక్కడికి పోయాడు, పెళ్ళాం పిల్లలు వెంట నడిచారు. ఆ నాలుగు వరసలూ చదివిన రోజు మా అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

రెండు లెక్కల మధ్య పుట్టి పోయిన బిడ్డలు వీటిలో కనబడరు. వాళ్ళను ఇంగ్లండులో జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ సూచికలో వెతకాలి. 1837 జూలై నుంచి పుట్టుకలు అందులో ఉన్నాయి, తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. ఆ పేరుతో వడబోస్తే ఒక తల్లి బిడ్డలంతా ఒకచోట చేరతారు. వాళ్ళ ఊళ్ళను కూడా మీ దారిలో కలపండి.

పని పేర్ల సంగతి. "గేదరర్" అంటే కుండలోంచి గొట్టం కొసకు గాజు ఎత్తేవాడు. "బ్లోయర్" ఊదేవాడు. "ఫ్లాటెనర్" పలకగా పరిచేవాడు. ఒకే మనిషి ఒక లెక్కలో గేదరర్‌గా, పదేళ్ళకు బ్లోయర్‌గా కనిపిస్తే వేరే మనిషి అనుకోకండి, పనిలో పైకొచ్చాడు. "టీజర్" అని చూసి మన సినిమా టీజరు గుర్తొచ్చి తికమకపడొద్దు: కొలిమిలో మంట ఎగదోసేవాడు, ఫ్రెంచి "తిజర్" నుంచి వచ్చిన మాట. "గ్లాస్ కట్టర్" దగ్గర మాత్రం ఆగాలి. పలకలు కోసేవాడూ కావచ్చు, గాజు పాత్రల మీద చక్రంతో నగిషీ చెక్కేవాడూ కావచ్చు. ఇరుగుపొరుగు ఇళ్ళ పనులు చూస్తే తేలుతుంది.

ఈ వారం పని: ఒక కాగితం మీద పిల్లల పేర్లు, పుట్టిన ఏళ్ళు, ఊళ్ళు వరసగా రాయండి. ఫ్రాన్సులో పుట్టిన చివరి బిడ్డకూ, ఇంగ్లండులో పుట్టిన మొదటి బిడ్డకూ మధ్య గీత గీయండి. మనవాడు సముద్రం దాటింది ఆ గీత దగ్గరే. వచ్చే పాఠంలో ఫ్రాన్సు రిజిస్టర్లు తెరుస్తాం. అక్కడ "8వ సంవత్సరం" అని ఒక పుట్టుక ఎదురవుతుంది. మన తాతల పుట్టుకకు ప్రభవ, విభవ అని సంవత్సరం పేరే రాసుకున్నట్టు, విప్లవం తర్వాత కొన్నేళ్ళు వాళ్ళూ వేరే పంచాంగం వాడారు. ఆ 8వ సంవత్సరం అంటే 1799 సెప్టెంబరు 23 నుంచి 1800 సెప్టెంబరు 22 దాకా. ఇది కాగితం వెనక రాసి పెట్టుకోండి.